హాస్టలు గోడ బయట మంద

మారెప్ప మంద పామిడి పక్కన ఏటిగడ్డ మీద ఉండంగ లాక్‌డౌన్ పెట్టినారు.

మారెప్పది గుమ్మఘట్ట దగ్గర పల్లె. ఊరి చుట్టూ గడ్డి ఎండిపోగానే ఏటేటా ఆయనా, ఆయన పెండ్లాము కదిరమ్మా గొర్రెలను తోలుకోని తూర్పుకు బయలుదేరుతారు. ఆరు రోజులు నడిస్తే పెన్న ఒడ్డు. ఏట్లో నీళ్లు పారి ఎన్నేండ్లయిందో గానీ, కాలువ కింద వరి కోసిన మళ్లల్లో గొర్రెలకు ఇంత మేత దొరుకుతుంది. రైతులు ఎరువు కోసం మందను తమ చేన్లో ఆపుకుంటారు. ఆపినన్ని దినాలు బియ్యమో జొన్నలో ఇస్తారు. మళ్లీ తొలకరి పడేదాకా వాళ్లిద్దరూ ఇల్లు చూడరు. పెండ్లయిన ఏడాది నుంచీ, అంటే ముప్పై ఏండ్లుగా, ఇదే బతుకు.

ఆ ఏడాది నూటాపదైదు జీవాలు. హనుమంతరాయుడనే రైతు చేన్లో ఆపినారు. చేనుకు ఒకపక్క ఏరు, ఇంకోపక్క నల్లతుమ్మ చెట్లు. చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యి, రెండు కంబళ్లు, వంట సట్లు, గుంజకు కట్టేసిన గాడిద. అదే కాపురం.

ఒకనాడు పొద్దున మారెప్ప ఉప్పు కోసం ఊర్లోకి పోయినాడు. దారికి అడ్డంగా కంపచెట్లు కొట్టి పడేసినారు. అవతల నలుగురు మనుషులు మూతులకు తువ్వాళ్లు కట్టుకోని కూర్చున్నారు.

"ఏమప్పా, యాడికి?" అన్నాడు ఒకాయన.

"అంగడికన్నా. ఉప్పుకి."

"అంగళ్లన్నీ బంద్. మీరు బళ్లారి పక్కనోళ్లు గదా, ఊర్లోకి రావద్దు."

"బళ్లారి కాదన్నా, గుమ్మఘట్ట. మనది అనంతపురమే."

"యాదైతేనేమప్పా, బయటోళ్లే గదా. ఎనిక్కి పో."

మూడు నెలలుగా ఆ మనుషులతోనే అరుగు మీద కూర్చోని బీడీ తాగినాడు మారెప్ప. వాళ్ల మొగాలు తువ్వాళ్ల ఎనకాల సరిగ్గా గుర్తుపట్టలేక వెనక్కి వచ్చినాడు.

ఆ సాయంత్రం హనుమంతరాయుడు బియ్యం సంచి, ఉప్పు పొట్లం తెచ్చి గట్టు మీద రాయి పైన పెట్టి, పది అడుగులు వెనక్కి జరిగి నిలబడినాడు. "నా తప్పేమీ లేదు మారెప్పా. ఊరంతా ఒక మాటనుకున్నారు. మీకు కావల్సింది ఈడికే తెచ్చిస్తా. ఊరి దిక్కు మాత్రం రావద్దండి" అన్నాడు.

"సరే అన్నా" అన్నాడు మారెప్ప.

రోడ్డు మీద మైకు కట్టిన ఆటో ఒకటి పోయింది. ఇంట్లోనే ఉండండి, బయట తిరగొద్దండి, చేతులు సబ్బుతో మాటిమాటికి కడుక్కోండి అని చెప్తా పోయింది. కదిరమ్మ ఏట్లో చెలమ తోడుతాంది. ఇసకలో మోకాటి లోతు తవ్వితే చారెడు నీళ్లు ఊరుతాయి, అవి ముంతతో తోడి తొట్టిలో పోస్తే గొర్రెలు తాగుతాయి. మంద మొత్తం తాగేసరికి సగం దినం పడుతుంది.

"ఏమంటాండాడు ఆ ఆటో ఆయన?" అనడిగింది.

"ఇండ్లల్లోనే ఉండాలంట. మాటిమాటికి చేతులు కడుక్కోవాలంట."

కదిరమ్మ ముంతలో నీళ్లు చూసింది. తొట్టిలో పోసి మళ్లీ వంగింది.

వాళ్ల కూతురు ప్రశాంతి రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే పనికి పోతుంటుంది. ఫోన్ చేసి, "నాయనా, యూనిట్లన్నీ మూసేసినారు. మేము మన ఊరికొచ్చేసినాం. మీరు మాత్రం కదలొద్దు. దారిలో పోలీసులు కొడ్తాండారంట" అన్నది. మారెప్ప దగ్గర బటన్ల ఫోన్ ఒకటుంది. దానికి చార్జింగు హనుమంతరాయుడి మోటారు షెడ్డులో పెట్టుకునేవాడు. రెండు దినాలకొకసారి కూతురు గొంతు వినబడితే చాలనుకునేవాళ్లు.

ఇట్ల ఇరవై దినాలు గడిచినాయి. ఎండలు ముదిరినాయి.

ఒకనాడు కదిరమ్మ చెలమ దగ్గర్నుంచి లేచి వస్తా వస్తా తుమ్మచెట్టు కింద కూలబడింది. ఒళ్లు కాలిపోతాంది. మారెప్ప తడిగుడ్డ వేసినాడు, గంజి కాచి పోసినాడు. రెండో దినం గూడా తగ్గలేదు. గడ్డికొచ్చిన ఆడమనిషి ఒకామె చెట్టు కింద పడుకున్న కదిరమ్మను చూసి, కొడవలి గూడా మర్చిపోయి ఊర్లోకి ఉరికింది.

మధ్యాన్నానికి ఆశా కార్యకర్త హేమలత వచ్చింది. ఆమె వెనక, దూరంగా గట్టు మీద, పదిమంది మొగోళ్లు నిలబడినారు. హేమలత కదిరమ్మ నుదుటికి మిషను పెట్టి చూసింది. నూటా రెండు.

"ఎన్ని దినాలాయ మామా జరం?"

"రెండు దినాలు. ఎండకమ్మా, ఎండకు పడింది."

"దగ్గుండాదా?"

"దుమ్ముకుంటాది. నూరు గొర్రెల ఎనకాల నడ్సినోళ్లకు దగ్గు లేకుంటే ఎట్ల?"

గట్టు మీది నుంచి ఎవరో అరిచినారు, "వాళ్లతో మాటలేమమ్మా, ఈపొద్దే ఇద్దర్నీ పంపించెయ్!"

హేమలత చెమటకు తడిసిన మాస్కును గడ్డం కిందికి లాగి, మళ్లీ పైకి పెట్టుకుంది. పొద్దున్నుంచి నాలుగు ఊర్లు తిరిగొచ్చిన మనిషి. అట్లే నేల మీద కూర్చుంది. "మామా, బండికి ఫోన్ చేస్తాండా. హైవే పక్కన హాస్టలుండాది, అందర్నీ ఆడ పెడ్తాండారు. ఇద్దరూ పోవల్ల. పద్నాలుగు దినాలు."

మారెప్ప మంద దిక్కు చూసినాడు. "వీటినెవురు చూస్తారు?"

హేమలత తల తిప్పి గట్టు దిక్కు చూసింది. మారెప్ప గట్టు మీది వాళ్లను చూసి గట్టిగా అడిగినాడు, "అన్నా, మీలో ఎవురన్నా చూస్తారా నా జీవాల్ని?"

ఒకరిద్దరు ఇంకొంచెం వెనక్కి జరిగినారు. "గొర్రెలకు గూడా ఉంటాదేమో" అన్నాడు ఒకాయన పక్కాయనతో.

"అమ్మా, నన్ను తోలుకపోతే వీటిని గూడా తోలుకపోండి. హాస్టల్లో నూటాపదైదు మంచాలు తీసి పెట్టమను" అన్నాడు మారెప్ప. ఆయన ఎగతాళికి అనలేదు. ఎవరూ నవ్వలేదు గూడా.

హేమలత మూడు ఫోన్లు చేసింది. ఒకరు ఇంకొకరిని అడగమన్నారు, ఆ ఇంకొకరు ఎత్తలేదు, మూడో ఆయన కాసేపు కసిరి చివరికి ఒప్పుకున్నాడు. ఆడమనిషిని పంపాల. మొగాయన చేను గట్టు దాటకుండా మందతోనే ఉండాల. రోగం అనుమానముండే ఇండ్ల తలుపులకు అంటించే ఎర్రకాయితం ఒకటి హేమలత సంచిలో ఉంది. ఈడ తలుపు లేదు. అటూ ఇటూ చూసి, తుమ్మచెట్టు మొదలుకు పురికొసతో కట్టింది.

బండి వచ్చేలోపల కదిరమ్మ లేచి కూర్చుంది. జరం కంటే ఆమెకు ఇంకో బాధ ఉంది. వారం కిందట చీలచెవి గొర్రె కడుపుబ్బి చచ్చిపోయింది. దాని పిల్లను కదిరమ్మ తన కంబళిలోనే పడుకోబెట్టుకోని, తెల్లగొర్రె పాలు సీసాతో పట్టి బతికిస్తాంది.

"దినానికి నాలుగుసార్లు పట్టల్ల. తెల్లగొర్రె తొందరగా ఇయ్యదు, గడ్డం కింద నిమురల్ల. బలవంతం చెయ్యొద్దు" అన్నది మొగునితో.

"నాకు తెల్దా?"

"నీకు తెల్దు" అన్నది కదిరమ్మ.

మూటలో ఒక చీర పెట్టుకోని, ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే బండెక్కింది. బండి వాళ్లు మారెప్పను దగ్గరికి రానీలేదు. ఆయన గట్టు ఇవతల నిలబడి, బండి తెల్లగా దుమ్ములో కలిసిపోయేదాకా చూసినాడు. ముప్పై ఏండ్లలో ఆమె లేకుండా మంద దగ్గర ఒక్క పొద్దు గూడా ఉండలేదు.

ఇద్దరు చేసే పని ఒక్కడు చేస్తే తెలుస్తుంది. మందకు ముందర ఒకరుండాల, వెనక ఒకరుండాల. మారెప్ప ముందుంటే వెనకవి చెల్లాచెదరు. వెనకుంటే ముందరివి గట్టు దాటేవి. చెలమ తోడితే మేపలేడు, మేపితే తోడలేడు. పొద్దుగూకేసరికి మంద చుట్టూ దడిలాగ వల కట్టి, అన్నం వండే ఓపిక లేక బొరుగులు నీళ్లల్లో నానబెట్టుకోని తిన్నాడు.

మరుసటి దినం మోటారు షెడ్డుకు తాళం కనబడింది. హనుమంతరాయుడు దూరం నుంచే చేతులు జోడించి, "స్టార్టరు డబ్బా నేను గూడా ముట్టుకుంటా గదప్పా. ఇంట్లో ముసలామె ఉండాది" అన్నాడు. ఆ సాయంత్రానికి ఫోన్ ఆరిపోయింది.

తెల్లగొర్రె ఇద్దరు మనుషులుంటేనే పాలిస్తుంది. ఒకరు పట్టుకోవాల, ఒకరు పిండాల. మారెప్ప దాన్ని చెట్టుకు కట్టేసి పిండినాడు. అది తన్ని సీసా పడేసింది. గడ్డం కింద నిమిరినాడు, అయినా ఇయ్యలేదు. పిల్ల కాసిన్ని తాగింది, కాసిన్ని కక్కింది. మూడో దినం మధ్యాన్నం, ఆయన చెలమ కాడ్నుంచి వచ్చేసరికి కంబళి మీద మెడ వాల్చేసి ఉంది. కుక్కలు తోడకుండా ఏటిగడ్డన లోతుగా గుంత తీసి పూడ్చినాడు. పూడ్చి, ఆ పార మీదనే గడ్డం ఆనించుకోని చానా సేపు నిలబడినాడు. గొర్రెలు చావడం ఆయనకు కొత్త గాదు. కానీ దీన్ని ఒక మనిషి అప్పజెప్పి పోయింది.

ఆ సాయంత్రమే హేమలత గట్టు దాకా వచ్చింది. "రిజల్టు ఇంకా రాలేదు మామా. నీకేమన్నా జరముండాదా?"

"లేదు. ఆమె ఎట్లుండాది?"

"నేను ఆడికి పోలేదు. నాకు ఆరు ఊర్లు మామా. తెలిస్తే వచ్చి చెప్తా."

నాలుగో దినం ఆమె రాలేదు. ఐదో దినం గూడా రాలేదు. ఆరో దినం తెల్లారగానే మారెప్ప వల చుట్టి, కంబళ్లు, సట్లు గాడిద మీద కట్టినాడు. గట్టు దాటితే ఏమవుతుందో ఆయనకు తెలియక కాదు. హాస్టలు రెండు గంటల నడక. పోయి చూసి రావాలంటే మందను విడిచిపోలేడు. కాబట్టి మందతోనే పోవాల. అంతకంటే ఏమీ ఆలోచించలేదు. మూతికి తువ్వాలు గట్టిగా కట్టుకోని, కర్ర తీసుకోని, గొర్రెలను రోడ్డు దిక్కు మళ్లించినాడు.

హైవే అంటే ఆయనకు భయం. ఏటేటా దాన్ని దాటడానికే ఒక పూట పట్టేది. లారీల మధ్యలో సందు చూసుకోని పదేసి గొర్రెలను ఉరికించేవాళ్లు. ఒక ఏడాది మూడు జీవాలు చక్రాల కింద పడినాయి. ఆ దినం రోడ్డు మీద ఒక్క బండి లేదు. నాలుగు వరసల రోడ్డు ఖాళీగా, ఎండలో మెరుస్తాంది. గొర్రెలు మొదట బెదిరి నిలబడిపోయినాయి. తర్వాత ఒక్కొక్కటే ఎక్కి, రోడ్డు వెడల్పంతా పరుచుకోని నడిచినాయి. ముందర ఎవరూ లేకున్నా చెదరలేదు. రెండు పక్కలా కంచె ఉంది గదా. ఆరు దినాల తర్వాత మారెప్ప చేతులు కొంచెం ఊరుకున్నాయి.

హాస్టలు ఇంక కిలోమీటరుందనంగా పోలీసులు రోడ్డుకడ్డం ఇనుప కంచెలు పెట్టి, టార్పాలిను కింద కూర్చున్నారు. కానిస్టేబులు నరసింహులు లాఠీ ఎత్తి లేచినాడు.

"ఏయ్! ఆడనే నిలబడు. యాడికి?"

"హాస్టలుకి సార్."

"హాస్టలుకా? గొర్రెల్ని చేర్పిస్తావా ఏమి?"

"నా పెండ్లాము ఆడుండాది సార్. ఆరు దినాలాయ. ఉండాదో లేదో తెల్దు."

నరసింహులు లాఠీ దించినాడు. ఆయన కండ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంటికి పోయి ఇరవై దినాలైంది ఆయనకు, స్టేషన్లోనే పడుకుంటున్నాడు. ఊరు, పేరు అడిగి, ఫోన్ తీసి హాస్టలు వాళ్లతో మాట్లాడినాడు. మాట్లాడతా మారెప్ప దిక్కు రెండు మూడుసార్లు చూసినాడు.

"నీ పెండ్లానికి కరోనా లేదంట. రిజల్టు వచ్చి రెండు దినాలైందంట. నీ ఫోన్‌కి మెసేజి పెట్టినారంట గదా."

మారెప్ప మొలలోంచి ఫోన్ తీసి చూపించినాడు. "దీంట్లో చార్జింగు లేదు సార్. ఉన్నా నాకు సదువు రాదు."

నరసింహులు తన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నీళ్ల సీసా ఒకటి రోడ్డు మీద పెట్టి వెనక్కి జరిగినాడు. మారెప్ప దాన్ని తీసుకోని, సగం తాగి, సగం మొగానికి పోసుకున్నాడు.

"అయితే తోలుకపోవచ్చునా సార్ ఆమెను?"

"ఇంకా ఎనిమిది దినాలుండాల. పద్నాలుగు పూర్తి కావల్ల."

"మామూలు జరమే గదా సార్?"

"మామూలు జరమే."

"మరెందుకు సార్?"

"నాకేం తెలుసప్పా. నన్ను ఈడ నిలబడమన్నారు, నిలబడినా" అన్నాడు నరసింహులు. కంచె ఒకటి పక్కకు జరిపినాడు. "పో. గేటు లోపలికి మాత్రం పోవద్దు. నీ మందతో గోడ బయట బీడులో ఉండు, నేను చెప్తాలే."

హాస్టలు రెండంతస్తుల మేడ. చుట్టూ ఎత్తు గోడ, గోడకు ఇవతల రాళ్లబీడు. మారెప్ప గోడకు దూరంగా నిలబడి, ఏమని పిలవాల్నో తెలియక కాసేపు ఊరకున్నాడు. ఇన్నేండ్లూ ఆమె ఎప్పుడూ కూతవేటులోనే ఉండేది, పేరు పెట్టి పిలిచే అవసరమే రాలేదు. అంతలోకి గొర్రెలే అరిచినాయి. ఆ అరుపులకు పై అంతస్తు వరండాలోకి ఒక్కొక్కరే వచ్చినారు. బెంగుళూరు నుంచి నడిచొచ్చిన కూలీలు, ఒక బాలింత, ఇద్దరు ముసలోళ్లు. అందరి వెనక నుంచి మూతికి నీలం మాస్కు పెట్టుకున్న కదిరమ్మ వచ్చి కటకటాలు పట్టుకుంది.

"ఓయబ్బా, మందనెందుకు తోలుకొస్తివి?" అన్నది మొట్టమొదట.

"నిన్ను చూసేకి."

"జరం పోయింది. ఎండ దెబ్బంట. మాత్రలిచ్చినారు." ఆమె గొంతు దూరానికి సన్నగా వినబడింది. "గొర్రెలు బక్కయినాయి. నీళ్లు సరిగ్గా పెట్టలేదు నువ్వు."

"పెడ్తాండా."

"కొమ్ముపొట్టేలు కుంటుతాండాది చూడు, ఎనక ఎడంకాలు. ముల్లుంటాది."

ఆయన చూసుకోనే లేదు. పైనుంచి ఆమెకు కనబడింది.

"పిల్ల యాడ?" అన్నది.

మారెప్ప వెంటనే అన్నాడు, "ఉండాది."

"తాగుతాందా?"

"తాగుతాంది."

కదిరమ్మ కటకటాల్లోంచి మందను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. మెల్లగా చూసింది. గాడిద మీది కంబళి దిక్కు గూడా చూసింది. కంబళి చుట్టి, తాడుతో బిగించి ఉంది. మారెప్ప కర్రతో నేల గీకుతా నిలబడినాడు.

"సరే," అన్నది. "నువ్వు అన్నం తిన్నావా?"

మారెప్ప నేల గీకడం ఆపినాడు. తలూపినాడు. తిన్నానని ఊపినాడో లేదని ఊపినాడో ఆయనకే తెలియలేదు.

ఎనిమిది దినాలు ఆ బీట్లోనే ఉన్నాడు. నరసింహులు పక్క తోట వాళ్లతో మాట్లాడి, బోరు దగ్గర తొట్టిలో నీళ్లు, షెడ్డులో ఫోన్‌కు చార్జింగు పెట్టుకునేటట్టు చేసినాడు. చెలమ తోడే పని తప్పింది. హాస్టల్లో వంట చేసే ఆమె సాయంత్రం పూట అన్నం పొట్లం గోడ మీద పెట్టి పోయేది. ఎండ తగ్గినాక కదిరమ్మ వరండాలోకి వచ్చేది. ఎక్కువ మాటలేమీ ఉండవు. ఏ గొర్రె ఎట్ల నడుస్తాందో చెప్పేది, ప్రశాంతి ఫోన్ చేసిందేమో అడిగేది. పిల్ల సంగతి మళ్లీ ఎత్తలేదు.

నాలుగో దినం హనుమంతరాయుడు మోటారు సైకిలు మీద వచ్చినాడు. ఈసారి రాయి మీద పెట్టి వెనక్కి పోలేదు, దగ్గరికే వచ్చి బియ్యం సంచి దించినాడు. "మామూలు జరమని తెలిసింది మారెప్పా. ఊర్లో గూడా చెప్పినా. మిగిలిన సగం చేన్లో ఎరువు పడల్ల. మందను మళ్లీ తోలుకరా" అన్నాడు.

"రానన్నా" అన్నాడు మారెప్ప.

"కోపముండాదా?"

"కోపం కాదన్నా. నువ్వు బియ్యం తెచ్చిస్తివి. నీమీద నాకేం కోపం?" మారెప్ప తువ్వాలు విప్పి మొగం తుడుచుకున్నాడు. "సాలయింది. ఇంటికి పోతాం."

హనుమంతరాయుడు సంచి అక్కడే విడిచి పోయినాడు.

పద్నాలుగో దినం గడిచినాక కదిరమ్మకు ఒక కాయితమిచ్చి పంపించినారు. ఆమె గేటు దాటి బయటకు వచ్చి, ముందు కొమ్ముపొట్టేలు కాలెత్తి చూసింది. తర్వాత గాడిద మీది కంబళి విప్పి దులిపి, మళ్లీ కట్టింది. దులుపుతున్నంత సేపూ మారెప్ప దిక్కు చూడలేదు.

"మూడో దినమే పోయింది," అన్నాడు మారెప్ప. "నాకు చేతకాలే."

"తెలుసు" అన్నది ఆమె. అంతే.

పడమరకు నడిచినారు. ఆరు రోజుల దారి తొమ్మిది రోజులైంది. ఊరూరికీ కంప అడ్డం. ఊర్లు తప్పించి, చేన్లకడ్డంగా, కొండవార నడిచినారు. ఉరవకొండ దాటినాక ఒక చోట రెండు దినాలు నీళ్లు దొరకలేదు. కదిరమ్మ ఇంతకుముందులాగ నడవలేకపోతాంది. ఫర్లాంగు నడిచి కూర్చునేది. కూర్చున్నప్పుడు మాట్లాడేది కాదు. అది జరం తాలూకు నీరసమనుకున్నాడు మారెప్ప. లేవమంటే లేచేది, నడవమంటే నడిచేది.

సొంత ఊరి పొలిమేర చేరేసరికి అక్కడా కంప ఉంది. దాని వెనక కూర్చున్నవాళ్లు ఈసారి దాయాదులు, బావమరుదులు. కదిరమ్మ కాయితం చూపించింది. వాళ్లు దాన్ని ముట్టుకోకుండానే వంగి చదివినారు. "కాయితం సరేగానీ మామా, దారిలో ఎందరు తగిలింటారో? పద్నాలుగు దినాలు బయట చేన్లో ఉండి రాండి. అందరికీ అదే" అన్నారు.

మారెప్ప వాదించలేదు. ఊరి చివర తమదే ఎకరా చేనుంది, అందులో వేపచెట్టుంది. అక్కడ మందను ఆపినారు. చెట్టు కింద కూర్చుంటే వాళ్ల ఇంటి రేకులు కనబడతాయి.

సాయంత్రం ప్రశాంతి సంగటి, నంచుకునేకి చెనిక్కాయల ఊరిబిండి తెచ్చి గట్టు మీద పెట్టి, వెనక్కి పోయి నిలబడింది. తల్లిని చూసి ఏడ్చింది. "ఎట్లయిపోతివి మా" అన్నది. కదిరమ్మ, "ఏమీ కాలేదు పాపా, పో, పొద్దుగూకుతాంది" అని పంపించింది. ఇద్దరూ తిన్నారు. గొర్రెలు నెమరు వేస్తా పడుకున్నాయి.

"యోవ్," అన్నది కదిరమ్మ చేతులు కడుక్కోని. "వచ్చే ఏడు నేను రాను."

మారెప్ప ఆమె దిక్కు తిరిగినాడు.

"ఆ హాస్టల్లో మొదటి రెండు దినాలు ఏడిస్తి. నువ్వెట్లుండావో, జీవాలెట్లుండాయో అని. మూడో దినం జరం తగ్గింది. మంచమిచ్చినారు, పైన ఫ్యానుండాది. పండుకుంటి చూడు, మధ్యాన్నం దాకా లేవలేదు. ఎవురూ లేపలేదు. లేచేసరికి ఎవురో అన్నం పెట్టిపోయినారు." ఆమె కొంగుతో మొగం తుడుచుకుంది. "నువ్వు గోడ బయట నిలబడి ఎదురు చూస్తాంటే, ఒక్కోపొద్దు నాకు లేచి రాబుద్ధి కాలేదు. నీకు చెప్పేకి సిగ్గయింది. ముప్పై ఏండ్లలో నేను పనిలేకుండా పండుకున్యింది అదే."

మారెప్పకు మొదట కోపం వచ్చింది. తాను ఎండలో పిల్లను పూడుస్తాంటే ఈమె ఫ్యాను కింద పడుకుందా అనుకున్నాడు. ఆ తర్వాత ఆ ఆరు దినాలు గుర్తుకొచ్చినాయి. చెలమ, వల, వంట, సీసా. తాను ఆరు దినాలకే గట్టు దాటేసినాడు. ఆమె ఎన్నడూ ఎక్కడికీ దాటలేదు. అలిసిపోయినావా అని తాను ఒక్కసారన్నా అడిగినట్టు జ్ఞాపకం రాలేదు.

"ఒక్కన్నే నాతో అయ్యేది కాదు," అన్నాడు చివరికి. "సగం అమ్మేద్దాం. మిగిలినవి ఈడనే ఊరి బీట్లో మేపుకుందాం."

"ఈడ మేత యాడుండాది?"

"లేదు. ఉన్నన్ని దినాలు చూద్దాం. లేకుంటే ఇంకా కొన్ని అమ్ముదాం."

కదిరమ్మ సరే అనలేదు, వద్దనలేదు. మారెప్ప మంద దిక్కు చూసి, ఏవి పెట్టుకోవాల, ఏవి ఇచ్చెయ్యాల అని మనసులో విడదీయబోయినాడు. రెండు మూడు గొర్రెల దగ్గరికొచ్చేసరికే విసుగొచ్చి మానుకున్నాడు.

పొద్దు గూకుతాంది. వల కట్టాల. ఆయన లేచి, గాడిద మీద నుంచి వల, మేకులు దించినాడు. కదిరమ్మ లేవలేదు. ఆయన లెమ్మనలేదు. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, గొర్రెలను లోపలికి తోలి, వల ముడి వేసి వచ్చేసరికి ఆమె వేపచెట్టు మొదలుకు ఒరిగి నిద్రపోయింది.